సొరంగంలో ఊగిన పచ్చదీపం

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఎండాకాలం. నంద్యాల నుంచి గిద్దలూరు వైపు పోయే చిన్న రైలుదారిలో, నల్లమల అడుగున ఉన్న ఎర్రమెట్ట అనే స్టేషనులో, బేతంచెర్ల నాపరాళ్ల లోడుతో ఒక గూడ్సు బండి ఆగి ఉంది. మధ్యాహ్నం రెండు గంటలు. వేపచెట్టు నీడలో పోర్టరు తుండుగుడ్డ పరుచుకుని పడుకున్నాడు. ఇంజను నీళ్లు పట్టుకుంటోంది. బండి చిట్టచివర గార్డు పెట్టెలో సుంకిరెడ్డి కోటు విప్పి కొక్కేనికి తగిలించి, దాని పైన టోపీ పెట్టి, బనియనుతో కూర్చుని జొన్నరొట్టెలో వంకాయ కూర నంజుకుంటున్నాడు.

ఈ సుంకిరెడ్డి గురించి రెండు ముక్కలు చెప్పాలి. అంతకన్నా ఎక్కువ చెప్పేటంత సరుకు ఆ మనిషిలో లేదు. నందికొట్కూరు దగ్గర పల్లె. తాత నాటికి ఎనిమిది కాండ్ల ఎద్దుల సేద్యం, తండ్రి నాటికి నాలుగు, ఇతని నాటికి ఒకటి. అందులోనూ ఒక ఎద్దు కుంటిది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, ఆ సామెత ఈయన గుమ్మం ముందే పుట్టి ఉండాలి. ఎవరి కాళ్లో పట్టుకుంటే గార్డు ఉద్యోగం వచ్చింది. వచ్చిన మర్నాటి నుంచి పోయిన రెడ్డిరికమంతా ఇనప చక్రాల మీద తిరిగొచ్చిందనుకున్నాడు. అతని దృష్టిలో రైలంటే ఒక పెద్ద ఎద్దులబండి. గార్డు వెనక కూర్చునే ఆసామి. డ్రైవరు ముందు కట్టిన ఎద్దు.

ఆ ఎద్దు పేరు లేవి. ఆత్మకూరు వైపు కిరస్తానపు కుటుంబం. పన్నెండో ఏట ఇంజన్లకు మసి తుడిచే పనిలో చేరి, బొగ్గు ఎత్తి, నిప్పు తిని, నలభై ఐదో ఏటికి డ్రైవరయ్యాడు. ఇప్పుడు యాభై దాటింది. సుంకిరెడ్డి కన్నా పదిహేనేళ్లు పెద్ద. అయినా సుంకిరెడ్డి అతన్ని ‘ఒరే’ అనే పిలుస్తాడు. అదీ పిలవాల్సి వస్తేనే.

రైలు నడవడానికి ఒక పద్ధతి ఉంది. ఇంజనుకూ గార్డు పెట్టెకూ మధ్య ముప్పై పెట్టెల దూరం. ఒకరి మొహం ఒకరికి కనిపించదు, ఒకరి మాట ఒకరికి వినిపించదు. డ్రైవరుకు ఉన్నది కూత. గార్డుకు ఉన్నది పగలు జెండా, చీకట్లో దీపం. కొండ ఎక్కే ఘాటుదారిలో బండి ఆగితే గార్డు వెనక చేతిబ్రేకు బిగిస్తాడు, బండి వెనక్కి జారకుండా. మళ్లీ కదిలే ముందు డ్రైవరు రెండు పొట్టి కూతలు వేస్తాడు. వెనక అంతా బాగుందా, బ్రేకు వదిలావా అని అడగడమన్నమాట. గార్డు బ్రేకు వదిలి, పచ్చదీపం చేతబట్టుకుని, తల మీదుగా అటూ ఇటూ ఊపాలి. బాగుంది, పోనీ అని దానర్థం. దీపం ఊగాలి, అదీ మనిషి చేతిలో. ఊగని దీపం వెనక మనిషి ఉన్నాడో, పడిపోయాడో, నిద్రపోయాడో ఎవరు చెప్పగలరు?

సుంకిరెడ్డి నాలుగేళ్లుగా దీపం ఊపలేదు. పచ్చ అద్దం తిప్పి, పెట్టె బయటి వరండా కొక్కేనికి దీపాన్ని వేలాడదీసి, లోపల కాళ్లు చాపుకుని పడుకుంటాడు. కనిపిస్తోంది కదా, చాలు. జెండా అయినా అంతే, కమ్మీకి గుచ్చి ఉంచుతాడు. దారిలో గేటుమన్లు, కావలివాళ్లు, స్టేషను మాస్టర్లు అందరూ ఆ పెట్టెకు జెండా చూపిస్తారు. తలుపులో ఏ మొహమూ ఉండదు. ఒక మనిషి ఇంకో మనిషి వైపు చెయ్యెత్తి ఊపితే అరిగిపోయేదేమిటో ఆ సుంకిరెడ్డికే తెలియాలి.

రొట్టె అయిపోయి చెయ్యి కడుక్కుంటుండగా లేవి వచ్చాడు. ముప్పై పెట్టెల పొడవునా ఎండలో నడిచి వచ్చాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకుని కింద నిలబడ్డాడు.

“సారూ, ఈపొద్దు లోడు శానా ఉండాది. నీళ్లు మంచివి కావు, ఆవిరి నిలవడం ల్యా. సొరంగంలో బండి ఆగినా ఆగుతాది.”

“ఆగితే?”

“ఆగితే, నేను కూత ఏస్తా. మీరు పెద్ద మనసు చేసుకుని దీపం చేత్తో ఊపండి సారూ. కొక్కేనికి ఏలాడదీయొద్దు. ఈ ఒక్క సొరంగం వరకు.”

సుంకిరెడ్డి పుక్కిలించి, లేవి కాళ్ల పక్కన ఉమ్మాడు.

“మా దొడ్లో ఎద్దు అంబా అంటే మా నాయన లేచి దండం పెడతాడా?”

లేవి ఆ ఉమ్మిన చోటు వైపు చూశాడు. చూసి, ఏమీ చూడనట్టు మళ్లీ తలెత్తాడు.

“మా తాత ఆ సొరంగం తవ్వేదాంట్లో కూలి చేసినాడు సారూ. ఒకనాడు లోపల కప్పు కూలింది. అవతల పక్క కొందరు కూలోళ్లు ఇరుక్కుపోయినారు. గడ్డపారతో రాయి కొడతాండారు... టంగు, టంగు, టంగు అని. బతికే ఉండామని. మా తాత ఈ పక్క నుంచి కొట్టబోయినాడు. మేస్త్రీ చెయ్యి పట్టుకున్నాడు. తిరిగి కొడితే వాళ్లకు ఆశ పుడతాది, వారం పని ఆగిపోతాది, కూలోళ్లే కదా అన్నాడు. దొర కాదు సారూ, మనోడే మేస్త్రీ. రెండు దినాలు కొట్టినారంట. ఎవరూ పలకల్యా.”

“అయితే?”

“అప్పటి నుంచి ఆ సొరంగంలో ఎవరన్నా అడిగితే ఎవరో ఒకరు పలకాల. మనం పలక్కపోతే... అది పలుకుతాది.”

సుంకిరెడ్డి పకపకా నవ్వాడు. ఆ నవ్వులో పొట్ట కదిలిందే గాని సంతోషం లేదు. “ఒరే, మీ గుడిలో పాదిరికి చెప్పుకో పో ఈ కథలు. ఎద్దు బరువు లాగలేనప్పుడే దెయ్యాలు కనపడతాయి,” అన్నాడు. లేవి తలపాగా చుట్టుకుంటూ ఇంజను వైపు నడిచిపోయాడు. కాసేపటికి బండి కదిలింది. సొరంగం కోసం దీపం ముందే వెలిగించుకోవాలి కాబట్టి సుంకిరెడ్డి వెలిగించాడు. వెలిగించి, కొక్కేనికి వేలాడదీశాడు.

ఘాటు మొదలయ్యింది. ఎండుగడ్డి, ఎర్రమట్టి, వేసవికి ఆకు రాల్చిన టేకుచెట్లు. ఇంజను రొప్పుతూ, ఆగుతూ, మళ్లీ రొప్పుతూ మలుపులు ఎక్కింది. కొండ దగ్గరకొచ్చేసరికి బండి నడక మనిషి నడకకు దిగింది. ఒక్కో పెట్టే నల్లటి నోట్లోకి పోతూ, చివరికి గార్డు పెట్టె కూడా పోయింది.

పగలు అక్కడే తెగిపోయింది. వెనక గుండ్రంగా కనిపించిన ఎండ తాంబాళమంత, చేటంత, అరచెయ్యంత అయి, మలుపు తిరగగానే మాయమైంది. గబ్బిలాల కంపు, తడిరాయి వాసన, వాటి మీద బొగ్గుపొగ. చల్లదనం బనియను లోపలికి పాకింది. గోడల నుంచి నీళ్లు కారుతున్న చప్పుడు చక్రాల మోతలో నుంచి కూడా వినిపిస్తోంది. ఎక్కడో ముందు చక్రాలు పట్టాల మీద జారి, గిర్రున ఊరికే తిరిగాయి. ఒకసారి, రెండుసార్లు. బండి ఒక పెద్ద మూలుగు మూలిగి ఆగిపోయింది.

సుంకిరెడ్డి విసుక్కుంటూ లేచి చేతిబ్రేకు చక్రం తిప్పి బిగించాడు. ఆ ఒక్క పనీ చేస్తాడు, బండి వెనక్కి జారితే ముందు చచ్చేది తనే కాబట్టి. తువ్వాలు తడిపి ముక్కుకు కట్టుకుని మళ్లీ కూర్చున్నాడు. పొగ చిక్కబడింది. వరండా దీపపు పచ్చవెలుగు తలుపు సందులోంచి గీతలా లోపలికి పడుతోంది.

పావుగంట గడిచింది. ముందు నుంచి రెండు పొట్టి కూతలు. ఆవిరి కట్టుకున్నట్టుంది.

సుంకిరెడ్డి కదల్లేదు. బ్రేకు వదలాలని తెలుసు. వదిలితే ఆ లేవి కూతకు లేచి పనిచేసినట్టవుతుంది. ఇంకాసేపు అడుగుకోనీ అనుకున్నాడు. ఇంతటి ఘనకార్యానికి సొరంగం నడుమ పొగలో ఉక్కిరిబిక్కిరవుతూ కూర్చున్నాడు మహానుభావుడు.

మళ్లీ రెండు కూతలు. గోడలకు కొట్టుకుని, వెనక్కి పోయి, తిరిగొచ్చాయి.

మూడోసారి. ఈసారి కూత సన్నగా, బతిమాలినట్టు ఉంది.

ఆ తర్వాత... కింద నుంచి...

టంగు. టంగు. టంగు.

పట్టాల పక్కన, సరిగ్గా అతని కాళ్ల కింద. రాయి మీద ఇనుము. సుంకిరెడ్డి కాళ్లు పైకి లాక్కున్నాడు. మరుక్షణం తన మీద తనకే కోపమొచ్చింది. ఫైర్‌మన్ ఉరుకుందును పంపి ఉంటాడు లేవి, కడ్డీతో కొట్టించి ఎగతాళి చేయడానికి.

“ఎవర్రా అది? ఉరుకుందూ?”

తలుపు సందులో పచ్చగీత కదిలింది. సన్నబడింది. పోయింది.

వరండాలోకి వచ్చి చూశాడు. కొక్కెం ఖాళీగా ఉంది.

దీపం ముందర ఐదారు పెట్టెల అవతల ఉంది. గోడకూ బండికీ మధ్య సందులో, నడుమెత్తున, పచ్చగా వేలాడుతూ మెల్లగా ముందుకు పోతోంది. పట్టుకున్న మనిషి కనిపించడం లేదు. దీపం కింద కాళ్లు కూడా కనిపించడం లేదు.

బుద్ధున్నవాడైతే అక్కడే తలుపేసుకునేవాడు. సుంకిరెడ్డికి భయం కన్నా ముందు ఉడుకుమోత్తనం వచ్చింది. తన దీపం! బొగ్గు ఎత్తేవాడి చేతిలో! బనియనుతోనే దూకాడు. ఎడమచెయ్యి పెట్టెల మీద, కుడిచెయ్యి తడిగోడ మీద పెట్టి, కంకర మీద తూలుకుంటూ నడిచాడు.

“ఒరే... నీ ఉద్యోగం ఊడగొడతానురా! దీపం ఈడికి తే!”

నాలుగు పెట్టెలు దాటాడు. దీపం ఆగింది. ఊది ఆర్పినట్టు ఆరిపోయింది.

చీకటి. కన్ను మూసినా తెరిచినా ఒకటే చీకటి. నీళ్లు కారుతున్న చప్పుడు. అతని ఊపిరి. ఇంకేమీ లేదు.

అప్పుడు వెనక వినిపించింది. గార్డు పెట్టెలో... కిర్రు... కిర్రు... కిర్రు. తను బిగించిన బ్రేకు చక్రాన్ని ఎవరో తిప్పుతున్నారు. తొందర లేకుండా, పని తెలిసినవాడు తిప్పినట్టు, ఒక్కో చుట్టే వదులు చేస్తున్నారు.

“ఎవ... ఎవరది?”

చక్రం ఆగింది. తడిగోడ మీద పచ్చవెలుగు పడింది. తల తిప్పాడు. గార్డు పెట్టె వరండాలో దీపం. ఊగుతోంది... తల మీదుగా, అటూ ఇటూ, చక్కగా, నిండుగా. దీపం పట్టిన చేతికి తెల్లకోటు. ఇత్తడి బొత్తాలు. కొక్కేనికి తను తగిలించిన కోటే.

ముందు నుంచి ఇంజను ఒక్క పొడుగు కూత కూసింది. అందులో ఎంత సంతోషముందో సుంకిరెడ్డికి కూడా అర్థమైంది.

“లేవీ! ఆపు! నేను కిందున్నా! ఆపురా!”

గొలుసులు ఒకదాని వెనక ఒకటి లాక్కున్నాయి. పెట్టెలు కదిలాయి. అతను గోడకు అతుక్కుపోయాడు. నాపరాళ్ల అంచులు బనియనుకు రాసుకుంటూ పోతున్నాయి. పొట్ట లోపలికి పీల్చుకున్నాడు. ఊపిరి బిగబట్టాడు. ఒక్కటి. ఇంకొకటి. ఇంకొకటి... ఆఖరున గార్డు పెట్టె వచ్చింది.

అది వరండాలో నిలబడి ఉంది. టోపీ పెట్టుకుని. దీపం ఇంకా ఎత్తి పట్టుకునే. జానెడు దూరంలో అతన్ని దాటిపోతూ కూడా తల తిప్పలేదు. సుంకిరెడ్డి ఊళ్లో కూలివాళ్ల పక్కగా నడిచిపోయేటప్పుడు తల ఎలా తిప్పడో, సరిగ్గా అలాగే. కోటు నుంచి వచ్చింది మాత్రం మనిషి వాసన కాదు. తవ్విన మట్టి వాసన.

బండి వెనక తగిలించిన ఎర్రదీపం మలుపు తిరిగింది. చక్రాల మోత సన్నబడి, పట్టాల్లో వణుకుగా మిగిలి, ఆ వణుకు కూడా పోయింది.

ఎంతసేపు అలా నిలబడ్డాడో అతనికే తెలియదు. పొగకు దగ్గు తెరలుతెరలుగా వస్తోంది. ఏ వైపు నుంచి వచ్చాడో, ఏ వైపు పోవాలో గుర్తు తప్పిపోయింది. ఒక చెయ్యి గోడ మీద పెట్టి తోచిన వైపు నడిచాడు. పది అడుగులు వేశాడు.

టంగు. టంగు. టంగు.

చెయ్యి పెట్టిన చోటే. రాయి లోపలి నుంచి. అరచెయ్యికి అదురు తగిలింది.

చెయ్యి తీసేశాడు. నడిచాడు. చప్పుడు అతనితోపాటు నడిచింది. చెవి ఎత్తున. ఆగితే ఆగింది. కొట్టినప్పుడల్లా మూడు దెబ్బలు, తర్వాత కాస్త విరామం. ఎవరో గోడకు చెవి ఆనించి ఎదురుచూస్తున్నంత విరామం. పలకాల అన్నాడు లేవి. మనం పలక్కపోతే అది పలుకుతాది. చిన్నప్పుడు అవ్వ చెప్పింది వేరు. చీకట్లో ఎవరు పిలిచినా మూడోసారి దాకా పలకొద్దురా అని. పలకాలా? వద్దా? జీవితంలో మొదటిసారి సుంకిరెడ్డికి ఒకరికి జవాబు చెప్పడమనేది పెద్ద సమస్య అయి కూర్చుంది. పలక్కుండా బతకడమే తెలిసినవాడికి పలకడం ఒక్కసారిగా ఎక్కణ్ణుంచి వస్తుంది?

టంగు. టంగు. టంగు.

దగ్గరయింది. వెనక కూడా మొదలయింది. తల పైన కూడా. కాళ్ల కింద పట్టాల దుంగల్లో కూడా...

వంగి కంకరరాయి తీసుకున్నాడు. గోడ మీద కొట్టాడు. ఒకటి. రెండు. మూడు.

అన్నీ ఆగిపోయాయి.

నీటి చప్పుడు కూడా ఆగిపోయింది. అప్పుడు ఒక చెయ్యి, చల్లగా, గరుకుగా, కాయలు కాసిన చెయ్యి, అతని చేతిని తడుముకుంటూ వచ్చింది. లాక్కోలేదు. పనిమారేటప్పుడు వచ్చిన కూలివాడు పోయేవాడి చేతిలోంచి గడ్డపార అందుకున్నట్టు, మెల్లగా, మర్యాదగా, ఆ రాయిని అందుకుంది.

సుంకిరెడ్డి పరుగెత్తాడు. పడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు. మోకాళ్లు చీరుకుపోయాయి. ఎదురుగా ఎండ అరచెయ్యంత, చేటంత, తాంబాళమంత అయ్యింది. బయటపడి కంకర మీద బోర్లాపడ్డాడు.

అవతలి నోటి దగ్గర గుడిసె ముందు సొరంగం కావలివాడు పెద్ద ఈరన్న జెండా చుడుతున్నాడు. ముసలివాడు. సుంకిరెడ్డిని చూసి కట్టె ఎత్తాడు.

“ఎవరప్పా నువ్వు? సొరంగంలోకి ఎట్ల దూరినావు?”

“నేను... గార్డునురా. సుంకిరెడ్డిని. బండి నన్ను వదిలేసి పోయింది.”

ఈరన్న అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు. మసి పట్టిన బనియను, చిరిగిన పంట్లాం, నెత్తురోడే మోకాళ్లు.

“గార్డు ఇప్పుడే పోయినాడే.”

“అది గార్డు కాదు! నా మొహం చూడరా!”

“చూస్తాండా. నీ మొహం నేనెప్పుడూ చూసిండ్ల్యా.” ఈరన్న గొంతు తగ్గించాడు. “నాలుగేండ్ల నుంచి ఆ పెట్టె తలుపులో ఒక్క నాడూ ఎవరూ నిలబడల్యా. ఈపొద్దు నిలబడినాడు. చెయ్యెత్తి ‘ఈరన్నా, బాగుండావా’ అన్నాడు. నా పేరు ఆయప్పకు తెలుసని నాకే తెలీదు.”

ఆ ముసలివాడి పేరు ఈరన్న అని సుంకిరెడ్డికి కూడా అప్పుడే తెలిసింది.

ఈరన్న అతన్ని మైలు దూరంలో ఉన్న స్టేషనుకు నడిపించుకుపోయాడు. పక్కన నడవలేదు, కట్టె పట్టుకుని వెనక నడిచాడు. అక్కడి స్టేషను మాస్టరు కుర్రవాడు, బదిలీ మీద వచ్చి పది దినాలే. గూడ్సు దాటిపోయిందని, గార్డు తలుపులో నిలబడి జెండా చూపించాడని, ఇంత మర్యాదస్తుడైన గార్డును ఈ దారిలో ఇదే చూడడమని చెప్పాడు. సుంకిరెడ్డి మొదట గద్దించాడు. తర్వాత అడిగాడు. చివరికి బల్ల అంచు పట్టుకుని బతిమాలాడు. పీడ వదిలించుకోవడానికే మాస్టరు టెలిఫోను తిప్పాడు. పై స్టేషనులో ఎదురు బండి కోసం గూడ్సును ఆపి ఉంచారట. డ్రైవరును పిలిపించారు.

చాలాసేపటికి తీగలో ఊపిరి వినిపించింది.

“ఎవరూ?”

“ఒరే లేవీ...”

ఊపిరి ఆగింది. సుంకిరెడ్డి ఆ ‘ఒరే’ను మింగేశాడు.

“లేవన్నా. నేను. సుంకిరెడ్డిని. సొరంగంలో దిగినా లేవన్నా. నన్ను ఆడనే వదిలేసి పోయినావు.”

అటు నుంచి గుసగుసగా జవాబు వచ్చింది.

“మూడుమార్లు కూత ఏసినా సారూ.”

“తప్పయిపోయింది.”

“కాసేపుండి దీపం ఊగింది. నాలుగేండ్లకు.”

“అది నేను కాదు లేవన్నా!”

“తెలుసు.”

“తెలుసా?”

“ఈడ బండి ఆగినాక ఉరుకుందు ఎనక్కి పోయి చూసొచ్చినాడు. వచ్చినప్పటి నుంచి నోట మాట ల్యా. ఊరికే బొగ్గు ఏస్తాండాడు. ఏడుస్తాండాడు.”

“మరి... మరి ఆ బండిని ఆడనే ఆపు! నీ కాళ్లు పట్టుకుంటా, నా మాట విను. మాస్టరుకు చెప్పు, ఆ పెట్టెలో ఉండేది నేను కాదని చెప్పు. నువ్వు తప్ప నన్ను ఎరిగినోడు ఎవడూ ల్యాడు ఈ దారిలో!”

“ఎరిగినా సారూ. శానా ఎరిగినా.” లేవి గొంతులో కోపం లేదు. కోపమైనా ఉంటే బాగుండేది. “పలికినోన్ని దారిలో దించమంటే నా వల్ల కాదు. మా తాత ఒకసారి పలక్కుండా ఇంటికొచ్చినాడు. సచ్చేదాకా ఆయనకు నిద్ర ల్యా. నాకు దీపం ఊపినోడే నాకు గార్డు.”

“లేవన్నా...”

తీగలో, లేవి వెనక నుంచి, ఇంకో గొంతు వినిపించింది. సుంకిరెడ్డికి ఆ గొంతు బాగా తెలుసు. ముప్పై ఆరేళ్లుగా తన నోట్లోంచి వచ్చిన గొంతే. మాట మాత్రం తనెన్నడూ అననిది.

“లేవన్నా, టయిమైంది. పోదామా?”

“వస్తాండా సారూ,” అన్నాడు లేవి. టెలిఫోను పెట్టేసిన చప్పుడైంది.

స్టేషను మాస్టరు కాగితం ముందుకు లాక్కున్నాడు. సొరంగంలో దొరికిన మనిషి గురించి పై వాళ్లకు రాయాలి కదా. కలం సిరాలో ముంచుతూ, తల ఎత్తకుండానే అడిగాడు.

“నీ పేరేందప్పా?”

సుంకిరెడ్డి నోరు తెరిచాడు.

“నరసన్న,” అన్నాడు.

అతనే ఉలిక్కిపడ్డాడు. ఆ పేరుగల మనిషిని అతనెరగడు. ఆ పేరుతోపాటు తన నోట్లోంచే సొరంగంలోని తవ్విన మట్టి వాసన వచ్చింది. తప్పు దిద్దుకోవడానికి నాలుక కూడదీసుకున్నాడు. సుంకిరెడ్డి, సుంకిరెడ్డి అని లోపల అరుస్తూనే ఉన్నాడు.

“తండ్రి పేరు?”

“గిడ్డన్న, సామీ.”

మాస్టరు రాసుకున్నాడు. ఎదుటివాడి మొహం చూడాలని అతనికి తోచలేదు. చూసి ఉంటే, ఆ కళ్లు ఎంత పెద్దవయ్యాయో, నోటి మాటకూ కళ్లకూ ఎంత దూరమో కనిపించేది.

“బయట కూచో. పిలిచినప్పుడు వద్దువు,” అన్నాడు.

గుమ్మం దగ్గర నిలబడిన పెద్ద ఈరన్న ఒక అడుగు పక్కకు జరిగి దారిచ్చాడు. బయట ప్లాట్‌ఫారం మీద బల్ల ఖాళీగా ఉంది. సుంకిరెడ్డి దాని దగ్గరకు వెళ్లాడు, కూర్చోవాలనే వెళ్లాడు. అతని కాళ్లు వాటంతటవే మడుచుకుని, బల్ల పక్కన నేల మీద కూర్చున్నాయి.